చెవి లోపల పెట్టుకునే ఐటీసీ వినికిడి మిషన్: అందరూ అడిగే ప్రశ్నలు, నా జవాబులు

నేను ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్ష చేసి చెవి మిషన్లు అమర్చే మనిషిని. చెవి పరీక్షకి వచ్చేవాళ్లు, వాళ్లని తీసుకొచ్చే పిల్లలు, డల్లాస్ నుంచో దుబాయ్ నుంచో వాట్సాప్‌లో అడిగేవాళ్లు తిప్పితిప్పి ఇవే అడుగుతుంటారు. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఏ కంపెనీ మిషన్ కొనమనీ ఇక్కడ చెప్పను.

ఐటీసీ అంటే ఏది? చెవిలో పూర్తిగా దాక్కునేదేనా?

కాదు. పూర్తిగా దాక్కునేవి వేరే ఉన్నాయి, వాటిని సీఐసీ, ఐఐసీ అంటారు. ఐటీసీ అంటే ఇన్ ద కెనాల్, చెవి రంధ్రంలోకి కొంత వెళ్లి, దాని ముఖం మాత్రం రంధ్రం అంచు దగ్గర, దొప్ప మొదట్లో ఆగిపోతుంది. ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్లకి దాదాపు కనపడదు, పక్కనుంచి చూస్తే కనపడుతుంది. మైకు, చిప్పు, స్పీకరు, బ్యాటరీ అన్నీ ఒకే పెంకులో ఉంటాయి, ఆ పెంకు మీ చెవి అచ్చుతో మీకోసమే తయారవుతుంది కాబట్టి ఇంకొకరి చెవికి పట్టదు. మీ పక్కింటాయన పాత మిషన్ ఇస్తానంటే వద్దనండి.

చెవి వెనక పెట్టుకునేది కాకుండా ఇదే ఎందుకు? అసలు లాభం ఏంటి?

చాలామంది కనపడకపోవడమే లాభం అనుకుంటారు, నా దృష్టిలో అది చిన్న లాభం. పెద్దది మైకు ఉండే చోటు. మన చెవి దొప్ప ఊరికే అందానికి లేదు, దాని మడతలు ముందు నుంచి వచ్చే సన్నని (కీచుగా ఉండే, హై పిచ్) శబ్దాలని పోగుచేసి లోపలికి పంపుతాయి, వెనక నుంచి వచ్చేవాటిని కాస్త అడ్డుకుంటాయి, ఆ తేడాని బట్టే పిలుపు ముందు నుంచి వచ్చిందా వెనక నుంచి వచ్చిందా అని మెదడు పోల్చుకుంటుంది. చెవి వెనక మిషన్లో మైకు దొప్ప పైన ఉంటుంది, కాబట్టి ఈ పని అంతా దాటిపోతుంది (కొత్త మోడళ్లు లెక్కలు కట్టి దాన్ని కొంత తిరిగి తెస్తాయి, అది వేరే సంగతి). ఐటీసీలో మైకు రంధ్రం అంచునే ఉంటుంది, దొప్ప తన పని తాను చేస్తుంది. రోడ్డు దాటేటప్పుడు హారన్ ఎటు నుంచి వచ్చిందో తెలియాల్సిన మనిషికి ఇది చిన్న విషయం కాదు.

రెండోది ఫోను. రిసీవర్ మామూలుగా చెవికి ఆనించుకుని మాట్లాడొచ్చు. చెవి వెనక మిషన్ వాడేవాళ్లు ఫోనుని పైకి జరిపి మైకు దగ్గర పెట్టుకోవాలి, లేదా బ్లూటూత్ మీద ఆధారపడాలి, 70 దాటిన మనిషికి రెండూ చికాకే.

మూడోది కళ్లజోడు, మాస్కు, హెల్మెట్. చెవి వెనక చోటు ఖాళీగా ఉంటుంది కాబట్టి మాస్కు తీసినప్పుడల్లా మిషన్ ఎగిరిపడే బాధ ఉండదు. కరోనా రోజుల్లో మాస్కు తాడుతో పాటే మిషన్ ఊడొచ్చి ఎక్కడో పడిపోయిందని చెప్పినవాళ్లు ఎందరో. గాలి రొద కూడా తక్కువ, బండి మీద తిరిగేవాళ్లకి ఆ తేడా తెలుస్తుంది.

మరి పూర్తిగా కనపడని సీఐసీ ఇంకా మంచిది కదా?

చిన్నదైన కొద్దీ లోపల పట్టేవి తగ్గిపోతాయి. సీఐసీలో మామూలుగా ఒకటే మైకు ఉంటుంది, ఐటీసీలో రెండు పెట్టే చోటు చాలాసార్లు దొరుకుతుంది, రెండు మైకులుంటేనే ఎదురుగా ఉన్న మనిషి మాటని పట్టి చుట్టుపక్కల రొదని తగ్గించడం బాగా కుదురుతుంది. సౌండు పెంచుకునే బటన్ కూడా ఐటీసీ మీద చాలాసార్లు ఉంటుంది. సీఐసీలో వాడే 10 నంబరు బ్యాటరీ కన్నా ఐటీసీలో వాడే 312 పెద్దది, ఎక్కువ రోజులొస్తుంది, వేళ్లతో పట్టుకోవడం కొంచెం తేలిక. కనపడకూడదన్న ఒక్క కారణంతో సీఐసీ అడిగితే నేను కాసేపు వాదిస్తాను.

మా నాన్నగారికి మాట వినిపిస్తుంది కానీ అర్థం కావట్లేదంటారు. మేం అరిచి చెప్పినా అంతే. మిషన్ పనిచేస్తుందా?

ఈ ప్రశ్న రోజూ వస్తుంది. వయసుతో వచ్చే వినికిడి లోపం ముందుగా సన్నని శబ్దాల వైపు మొదలవుతుంది. మాటలో అ, ఆ, ఓ లాంటి అచ్చులు లావు (లో పిచ్) శబ్దాలు, బలంగా వినిపిస్తాయి. స, ష, చ, త, క, ప లాంటి హల్లులు బలహీనంగా, చాలావరకు సన్నగా ఉంటాయి, అవి జారిపోతాయి. అందుకే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది కానీ అన్నది పాలా, కాలా, తాలా అన్నది తెలియదు. మీరు అరిచినప్పుడు అచ్చులే పెరుగుతాయి, హల్లులు అక్కడే ఉంటాయి, పైగా మీ ముఖం కోపంగా కనిపిస్తుంది, ఆయన ఇక అడగడం మానేస్తారు.

మంచి మిషన్ అన్నిటినీ ఒకేలా పెంచదు. పరీక్షలో ఎక్కడ ఎంత తగ్గిందో చూసి అక్కడే అంత పెంచుతుంది. కానీ ఒకటి ముందే చెప్పాలి: కొందరిలో లోపలి చెవి, నరం బాగా దెబ్బతిని, సౌండు ఎంత పెంచినా మాట స్పష్టంగా అందదు. అది తెలుసుకోవడానికే బీప్ శబ్దాల పరీక్షతో పాటు మాటలు వినిపించి తిరిగి చెప్పించే పరీక్ష కూడా చేయాలి. ఆ రెండో పరీక్ష లేకుండా మిషన్ అమ్మేవాళ్ల దగ్గర కొనకండి.

ఎంత లోపం దాకా ఐటీసీ పనికొస్తుంది?

ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పరీక్ష రిపోర్టులో, లోపాన్ని డెసిబెల్స్‌లో రాస్తారు. 26 నుంచి 40 దాకా స్వల్పం, 41 నుంచి 55 దాకా మధ్యస్థం, 56 నుంచి 70 దాకా మధ్యస్థం కన్నా ఎక్కువ, ఆపైన తీవ్రం. ఐటీసీ హాయిగా పనిచేసేది మొదటి రెండింటికి, పవర్ మోడల్ అయితే మూడో దాంట్లోకి కూడా వెళ్తుంది. తీవ్రమైన లోపానికి చెవి వెనక పెట్టుకునే పెద్ద మిషనే కావాలి, ఎందుకంటే ఐటీసీలో మైకుకీ స్పీకరుకీ దూరం చాలా తక్కువ, సౌండు బాగా పెంచితే బయటికి కారి ఈల వేస్తుంది.

ఇంకో మెలిక ఉంది. మీ లావు శబ్దాల వినికిడి దాదాపు మామూలుగా ఉండి, సన్నని శబ్దాలు మాత్రమే పడిపోయి ఉంటే, చెవిని మూసేసే ఐటీసీ మీకు ఇబ్బందే. అలాంటివాళ్లకి చెవి వెనక చిన్న మిషన్, సన్నటి వైరు, చిల్లులున్న మెత్తని బుడిపె ఉండే ఆర్ఐసీ నయం.

ఎవరికి అసలు వద్దంటారు?

చెవిలో చీము కారేవాళ్లకి వద్దు, కర్ణభేరికి రంధ్రం ఉండి తరచూ తడి చేరేవాళ్లకి కూడా వద్దు. చెవిని మూసేస్తే ఆ తడి లోపలే నిలిచి ఇన్ఫెక్షన్ పెరుగుతుంది. పెరిగే పిల్లలకి వద్దు, చెవి పెరిగే కొద్దీ పెంకు మార్చాల్సి వస్తుంది, వాళ్లకి చెవి వెనక మిషన్, చెవిలో పట్టే మెత్తని మోల్డు సరైనవి. చెయ్యి వణికేవాళ్లు, చూపు బాగా తగ్గినవాళ్లు, వేళ్లకి స్పర్శ సరిగా తెలియని షుగర్ పేషెంట్లు ముందు డెమో మిషన్‌కి బ్యాటరీ మార్చి చూపించాలి. అది చేతకాకపోతే ఎంత మంచి మిషన్ అయినా వారంలో డబ్బాలోకి వెళ్లిపోతుంది.

ఒక చెవి వినికిడి ఉన్నట్టుండి, రాత్రికి రాత్రి పడిపోతే మిషన్ గురించి ఆలోచించకండి. అది ఎమర్జెన్సీ. అదే రోజు, కాదంటే మర్నాడు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, స్టెరాయిడ్ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే వినికిడి తిరిగొచ్చే అవకాశం అంత ఎక్కువ. ఒక్క చెవిలోనే హోరు, కళ్లు తిరగడం, చెవి నొప్పి ఉన్నా ముందు డాక్టరే.

కొలత ఎలా తీస్తారు? నొప్పి ఉంటుందా?

నొప్పి ఉండదు, చల్లగా, నిండుగా అనిపిస్తుంది. ముందు ఆటోస్కోపుతో లోపల చూస్తాం. గుబిలి ఉంటే తీయించుకున్నాకే మిగతా పని. తర్వాత దారం కట్టిన చిన్న స్పాంజి ముక్కని కర్ణభేరికి ముందు అడ్డంగా పెడతాం, మెత్తని సిలికాన్ ముద్ద కలిపి సిరంజీతో చెవిలోకి నింపుతాం. ఓ ఐదు నిమిషాల్లో అది రబ్బరులా గట్టిపడుతుంది. ఆ కాసేపూ దవడ కదిలిస్తూ ఉండమని నేను అడుగుతాను, ఎందుకంటే నోరు కదిపినప్పుడు చెవి రంధ్రం ఆకారం మారుతుంది, నోరు మూసుకుని ఇచ్చిన అచ్చుతో చేసిన మిషన్ అన్నం తినేటప్పుడు వదులై ఈల వేయొచ్చు. బయటికి తీసిన అచ్చు మీద రంధ్రంలోని రెండు మలుపులూ స్పష్టంగా ఉండాలి. బుడగ ఉన్నా, అంచు చెదిరినా మళ్లీ తీయమని మీరే అడగండి. మిషన్ మీద ఎర్ర గుర్తు కుడి చెవికి, నీలం గుర్తు ఎడమ చెవికి.

పెట్టుకున్నాక నా గొంతు నాకే కుండలో తల పెట్టి మాట్లాడినట్టుంది. మిషన్ పాడైందా?

పాడవలేదు. మాట్లాడేటప్పుడు మన గొంతు ఎముకల ద్వారా చెవి లోపలికి కూడా వస్తుంది. మామూలుగా అది రంధ్రంలోంచి బయటికి పోతుంది. రంధ్రం మూసేస్తే లోపలే తిరుగుతూ గుయ్యిమంటుంది. దీనికోసమే పెంకు గుండా వెంట్ అని ఒక సన్నని సొరంగం పెడతారు. అది పెద్దదైతే గొంతు తేలికవుతుంది కానీ ఈల వచ్చే అవకాశం పెరుగుతుంది, కాబట్టి మీ లోపాన్ని బట్టి ఎంత వదలాలో చూసుకోవాలి. రెండు మూడు వారాలకి చాలామందికి ఆ గుయ్యిమనడం గుర్తుకు కూడా రాదు. అప్పటికీ తగ్గకపోతే ఓర్చుకోకండి, తీసుకెళ్లి వెంట్ మార్పించండి.

కీచుమని ఈల వేస్తోంది. ఎందుకు?

స్పీకర్ నుంచి వచ్చిన శబ్దం బయటికి కారి మళ్లీ మైకులోకి పోతోంది. సగం సార్లు మిషన్ సరిగా లోపలికి వెళ్లకపోవడమే కారణం. లేదా గుబిలి అడ్డుపడి ఉంటుంది. దుప్పటి కప్పుకున్నప్పుడు, ఎవరినైనా కౌగిలించుకున్నప్పుడు కాసేపు వచ్చే ఈల మామూలే. బాగా బరువు తగ్గినా, పళ్లు పీకించుకున్నా చెవి ఆకారం కొంచెం మారి పెంకు వదులవుతుంది, అప్పుడు కొత్త అచ్చు తీయించాలి.

గుబిలి, చెమట, తలనూనె: మన వాతావరణంలో ఇది నిలుస్తుందా?

నిలుస్తుంది, కానీ చూసుకోవాలి. చెవి లోపలి మిషన్లకి అసలు శత్రువు గుబిలి. స్పీకర్ మూతి చెవి లోపలికి తిరిగి ఉంటుంది, అక్కడ వ్యాక్స్ గార్డ్ అని గసగసాల గింజంత జాలీ ఉంటుంది. మిషన్ చచ్చిపోయింది, రిపేర్ చేయండి అని తెచ్చేవాటిలో ఎన్నింటికో ఆ జాలీ మారిస్తే చాలు. మార్చడం ఇంట్లో నేర్చుకోవచ్చు: గార్డుతో పాటు వచ్చే చిన్న పుల్ల ఒక కొనతో పాతది లాగి, రెండో కొనతో కొత్తది నొక్కాలి. రోజూ పొద్దున్నే పెట్టుకునే ముందు పొడి బ్రష్‌తో, స్పీకర్ మూతి కిందికి ఉండేలా పట్టుకుని తుడవాలి. రాత్రి తీసిన వెంటనే తుడిస్తే తడి గుబిలి జాలీలోకి పూసుకుపోతుంది, రాత్రంతా ఆరనిస్తే పొడిగా రాలుతుంది.

నూనె సంగతి గట్టిగా చెప్పాలి. చెవిలో కొబ్బరినూనె, వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసుకునే అలవాటు ఇంకా ఉంది, అది చెవికే మంచిది కాదు, మిషన్‌కి అసలు పడదు. తలంటు పోసుకున్న రోజు జుట్టూ చెవీ పూర్తిగా ఆరాకే పెట్టుకోండి. తలకి నూనె రాసుకున్నాక చేతులు సబ్బుతో కడిగి మిషన్ ముట్టుకోండి. మే నెలలో విజయవాడ, విశాఖ లాంటి చోట్ల ఆ ఉక్కకి మిషన్ లోపల తడి చేరుతుంది, కాబట్టి రాత్రి బ్యాటరీ తీసేసి సిలికా జెల్ గుళికలున్న మూత డబ్బాలో పెట్టాలి. రంగు మారే గుళికలైతే ఎప్పుడు మార్చాలో అవే చెబుతాయి. ఎండలో ఆరబెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పెట్టడం, స్పిరిట్‌తో తుడవడం వద్దు.

బ్యాటరీ ఎన్ని రోజులొస్తుంది?

312 నంబరు, గోధుమ రంగు స్టిక్కరు. వాడకాన్ని బట్టి సుమారు వారం. ఇవి గాలి తగిలితే పనిచేసే జింక్ ఎయిర్ బ్యాటరీలు, స్టిక్కరు తీశాక ఒకటి రెండు నిమిషాలు ఆగి వేస్తే పూర్తి బలంతో పనిచేస్తుంది. తీసిన స్టిక్కరు మళ్లీ అంటించినా లాభం లేదు, ఒకసారి మొదలైంది అయిపోవాల్సిందే. ఫ్రిజ్‌లో పెట్టకండి. ఇప్పుడు చార్జింగ్ ఐటీసీలు కూడా వస్తున్నాయి, వేళ్ల ఇబ్బంది ఉన్నవాళ్లకి అవి వరం, కాకపోతే పెంకు కాస్త పెద్దదవుతుంది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే వాడేసిన బ్యాటరీ కూడా అందనివ్వకండి. 8 మిల్లీమీటర్ల వెడల్పు కూడా లేని ఆ బిళ్లని పిల్లలు మింగేస్తారు, ముక్కులో పెట్టుకుంటారు. అలా జరిగితే క్షణం ఆగకుండా ఆస్పత్రికి.

ఒక చెవికి పెడితే చాలదా?

రెండు చెవుల్లోనూ లోపం ఉంటే రెండూ కావాలి. శబ్దం ఎటు నుంచి వచ్చిందో తెలియాలన్నా, పెళ్లి భోజనాల దగ్గర గోలలో ఒకరి మాట పట్టుకోవాలన్నా మెదడుకి రెండు వైపుల నుంచీ శబ్దం అందాలి. డబ్బు ఒక్క ఖరీదైన మిషన్‌కే సరిపోతే, దాని బదులు రెండు మధ్యరకం మిషన్లు తీసుకోమని నేనంటాను.

మిషన్ పెడితే ఉన్న వినికిడి కూడా పోతుందంటున్నారు, నిజమేనా?

మీ ఆడియోగ్రామ్ ప్రకారం సెట్ చేసిన మిషన్‌తో పోదు, అందులో శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే ఏర్పాటు ఉంటుంది. పరీక్ష లేకుండా వాడే పెద్ద సౌండు యాంప్లిఫయర్లతో ఆ ప్రమాదం ఉంది. మిషన్ తీసేసినప్పుడు ముందు కన్నా తక్కువ వినిపిస్తోందని అనిపించడం వేరు, స్పష్టంగా వినడానికి అలవాటు పడ్డాక పాత నిశ్శబ్దం ఎక్కువగా తెలుస్తుంది.

పెట్టుకోకపోతే మతిమరుపు వస్తుందా?

భయపెట్టి అమ్మడానికి ఈ మాట వాడుతున్నారు కాబట్టి తెలిసింది తెలిసినట్టు చెబుతాను. 2023లో లాన్సెట్ పత్రికలో అచీవ్ అనే అమెరికా అధ్యయనం వచ్చింది, 70 నుంచి 84 ఏళ్ల 977 మందిని మూడేళ్లు చూశారు. అందరినీ కలిపి చూస్తే మిషన్లు ఇచ్చినవాళ్లకీ ఇవ్వనివాళ్లకీ జ్ఞాపకశక్తి, ఆలోచనా శక్తి తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ముందే ముప్పు ఎక్కువున్న ఒక గుంపులో మాత్రం ఆ తగ్గడం 48 శాతం నెమ్మదించింది. కాబట్టి మిషన్ మతిమరుపుకి మందు కాదు, కొందరికి మేలు చేసే అవకాశం ఉంది. మనవడు చెప్పే కబుర్లు వినడానికి మాత్రం ఏ అధ్యయనమూ అక్కర్లేదు.

మా అమ్మాయికి 24. సంబంధాలు చూస్తున్నాం. ఎవరికీ కనపడకూడదు.

మీ ఆందోళన అర్థమవుతుంది. జుట్టు చెవి మీదికి వస్తే ఐటీసీ కనపడదు. కానీ నిర్ణయం అమ్మాయిది, తనని అడగండి. తనకి ఏది బాగా వినిపిస్తే అదే తీసుకోవాలి, దాచడం కోసం తక్కువ వినిపించేది కొని రేపు ఆఫీసు మీటింగుల్లో తను ఇబ్బంది పడకూడదు. 1983లో అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ కుడి చెవిలో మిషన్ పెట్టుకుని అందరి ముందుకీ వచ్చాక అక్కడ ఇలాంటి మిషన్లకి గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. మన దగ్గర కళ్లజోడుకి లేని సిగ్గు చెవి మిషన్‌కి ఇంకా ఉంది, దాని భారం పిల్లల మీద వేయకండి.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతున్నాయి. మా అబ్బాయి అమెరికా నుంచి తెస్తానంటున్నాడు. కొనొచ్చా?

ఆన్‌లైన్‌లో కనిపించే బాగా చవక రకాలు చాలావరకు యాంప్లిఫయర్లే, అన్ని శబ్దాలనీ ఒకేలా పెంచుతాయి. అమెరికాలో 2022 అక్టోబరు నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మే ఓటీసీ మిషన్లు వచ్చాయి, అవి 18 ఏళ్లు దాటిన, స్వల్పం నుంచి మధ్యస్థం దాకా లోపం ఉన్నవాళ్ల కోసం. వాటిలో మంచివి ఉన్నాయి. కానీ అవి రెడీమేడ్ సైజులు, మీ చెవి అచ్చుతో చేసినవి కావు. అమ్మానాన్నలు ఇక్కడ, మిషన్ అక్కడ కొన్నదైతే సర్వీసు ఎవరు చేస్తారు, వారంటీ ఇక్కడ చెల్లుతుందా, దాని సెట్టింగులు ఇక్కడి సాఫ్ట్‌వేర్‌తో తెరుచుకుంటాయా అని కొనకముందే కనుక్కోండి. ఇక్కడే పరీక్ష చేయించి ఇక్కడే కొని, డబ్బు అక్కడి నుంచి పంపడం చాలా ఇళ్లలో తేలికైన దారి.

ప్రభుత్వం ఇస్తుందా?

వికలాంగులకి పరికరాలు ఇచ్చే కేంద్రం అడిప్ పథకం కింద ఆదాయ పరిమితి లోపల ఉన్నవాళ్లకి మిషన్లు ఇస్తారు, సాధారణంగా చెవి వెనక పెట్టుకునేవి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి లోపాల కోసం కేంద్రం నడిపే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ అడగండి. ఐటీసీ మాత్రం సొంత డబ్బుతోనే అనుకోండి, రకాన్ని బట్టి పదుల వేల నుంచి లక్ష పైన దాకా ఉంటుంది. చెవి మిషన్ మీద జీఎస్టీ లేదు, బిల్లులో వేస్తే అడగండి. పరీక్ష చేసే మనిషికి ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా అడగండి, ఉన్నవాళ్లెవరూ నొచ్చుకోరు.

అలవాటు కావడానికి ఎంత కాలం?

నెల, నెలన్నర. మొదటి రోజుల్లో గిన్నెల చప్పుడు, మిక్సీ, కాగితం నలిగే శబ్దం చెవిలో గుచ్చుకుంటాయి. మెదడు వాటిని ఏళ్ల తరబడి వినలేదు మరి. మొదటి వారం ఇంట్లో, ఒకరిద్దరితో మాట్లాడేటప్పుడు పెట్టుకోండి, తర్వాత టీవీ, తర్వాత బజారు. ఫంక్షన్ హాలులో మొదలుపెట్టొద్దు. ఏది ఇబ్బందిగా ఉందో కాగితం మీద రాసుకుని రండి, "బాలేదు" అంటే నేను ఏం మార్చాలో తెలియదు, "కుక్కర్ విజిల్‌కి తల పగిలిపోతోంది" అంటే ఐదు నిమిషాల్లో సరిచేస్తాం.

కొనే ముందు పెట్టుకుని చూడొచ్చా?

అచ్చంగా ఐటీసీనే చూడలేరు, అది మీ అచ్చు తీశాకే తయారవుతుంది. కానీ మీ ఆడియోగ్రామ్ ఎక్కించిన డెమో మిషన్, చెవి వెనకదైనా సరే, పెట్టుకుని శబ్దం ఎలా ఉంటుందో చూడొచ్చు. గదిలో కూర్చుని బాగుందనకండి, అలాగే రోడ్డు మీదికి వెళ్లి టీకొట్టు దగ్గర నిలబడి ఎవరితోనైనా మాట్లాడి రండి. పెంకు సరిగా పట్టకపోతే ఎన్ని నెలల్లోపు డబ్బు తీసుకోకుండా మళ్లీ చేసిస్తారో బిల్లు మీద రాయించుకోండి.